ఆర్సీ ట్యాంకు పోరులో ఏ బండి ఏ తరగతి? గొడవల్లేని వర్గీకరణ నియమాలు రాసుకోవడం ఎలా

రిమోట్‌తో నడిపే (ఆర్సీ) బొమ్మ ట్యాంకుల పోరుకి పాంథర్ తెచ్చినవాడు "జర్మన్లే దీన్ని మీడియం ట్యాంకన్నారు కదా" అంటాడు. ఎదురుగా సోవియట్ ఐఎస్-2 తెచ్చినవాడికి మాత్రం హెవీ ముద్ర తప్పదు. అసలు పాంథర్ బరువు దాదాపు 45 టన్నులు, ఐఎస్-2 బరువు 46. ఆ ఒక్క టన్ను తేడాకి ఒకడు ఐదు సెకన్లకోసారి కాలుస్తుంటే ఇంకొకడు తొమ్మిది సెకన్లు చేతులు ముడుచుకుని నిలబడాలి. బండ్లు కదలకముందే మాటల యుద్ధం మొదలవుతుంది.

అమెరికా సైన్యం తన పెర్షింగ్ ట్యాంకును 1944లో హెవీ ట్యాంకుగా లెక్కేసి, 1946లో మీడియం జాబితాలోకి మార్చింది. ట్యాంకు అదే, మారింది కాగితం. బ్రిటిష్‌వాళ్లైతే మీడియం, హెవీ అన్న పేర్లను పక్కన పెట్టి చాలాకాలం క్రూజర్ (వేగంగా దూసుకెళ్లేవి), ఇన్‌ఫాంట్రీ (కాల్బలంతో పాటు నడిచేవి) అని రెండు రకాలు నడిపారు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, హెవీ అన్న పేరులో బరువు కూడా అంతే. అందుకని వర్గీకరణను చరిత్ర పుస్తకంలోని పేరుతో కాకుండా టేపు, స్టాప్‌వాచ్, హిట్ల లెక్కలతో మొదలుపెట్టాలి.

ఈ పద్ధతి ఇన్‌ఫ్రారెడ్ కిరణంతో కాల్చుకునే 1/16 స్కేలు (అసలు ట్యాంకులో పదహారో వంతు) బొమ్మల కోసం రాసింది. టమియా, హెంగ్ లాంగ్ లాంటి కంపెనీల బండ్లతో ఎక్కువమంది ఆడేది ఈ స్కేలులోనే. 1/24 వాళ్లకైనా లెక్క ఒకటే, అంకెలు మారతాయంతే. పెయింట్‌బాల్ గన్లు బిగించే 1/6 స్కేలు పెద్ద బండ్ల సంగతి వేరు. అక్కడ దెబ్బ లెక్కపెట్టేది బండిలోని ఎలక్ట్రానిక్ బోర్డు కాదు, రంగు మరక చూసే మనిషి. తరగతుల తర్కం మాత్రం వాళ్లకూ పనికొస్తుంది.

మొదటి మెట్టు: కాలాన్ని బట్టి విడదీయండి

ఏ తరగతులు పెట్టుకున్నా, ముందు కాలాలు కలవకుండా చూడండి. 1939–42 బండ్లు ఒక విభాగం, 1943–45 ఇంకో విభాగం, యుద్ధం తర్వాతివి మూడో విభాగం. లెపర్డ్-2 బరువులో హెవీ, వేగంలో లైట్ (గంటకు 70 కి.మీ. దగ్గర్లో పోతుంది). దాన్ని టైగర్‌తో ఒకే మైదానంలో తిప్పితే ఏ నియమమూ కాపాడలేదు. ఆధునిక ట్యాంకుల విభాగంలో అసలు తరగతులే అక్కర్లేదు. అన్నిటికీ ఒకే హిట్లు (బండి చావడానికి తగలాల్సిన దెబ్బలు), ఒకే రీలోడ్ (షాట్‌కి షాట్‌కి మధ్య ఆగే సమయం), ఒకే వేగం పెట్టి వదిలేయండి.

బండ్లు తక్కువై మొదటి రెండు విభాగాలూ కలపాల్సి వస్తే కలపండి, ప్రాణం పోదు. మూడోదాన్ని మాత్రం కలపకండి.

రెండో మెట్టు: బరువుతో మొదలుపెట్టి, కవచంతో సరిదిద్దండి

అసలు ట్యాంకు యుద్ధసన్నద్ధ బరువు తీసుకోండి, మీ బొమ్మది కాదు. 20 టన్నుల లోపు లైట్, 20 నుంచి 40 వరకు మీడియం, 40 దాటితే హెవీ. ఈ ఒక్క గీతతోనే చాలా బండ్లు సర్దుకుంటాయి. స్టూవర్ట్, 18 టన్నుల చాఫీ లైట్. 30 టన్నుల షెర్మన్, 32 టన్నుల టీ-34-85 మీడియం. కేవీ-1, ఐఎస్-2, 57 టన్నుల టైగర్, వాటితోపాటు పాంథర్ హెవీ. పాంథర్ వాళ్లు గింజుకుంటారు. వాళ్ల చేతిలో 55 డిగ్రీలు వాలిన 80 మి.మీ. ముందు కవచం, పొడుగాటి 75 మి.మీ. గన్ ఉన్నాయని గుర్తుచేయండి.

గీతకు రెండు టన్నులు అటూ ఇటూ ఉన్న బండి దగ్గరే వాదన వస్తుంది. దానికి రెండో ప్రశ్న: ముందు కవచం ఎంత? 40 గీత దగ్గర కవచం 100 మి.మీ. లేదా ఎక్కువుంటే హెవీ, లేకపోతే మీడియం. 20 గీత దగ్గర 50 మి.మీ. లేదా ఎక్కువుంటే మీడియం, లేకపోతే లైట్. చర్చిల్ దాదాపు 40 టన్నులు, కవచం 102 మి.మీ., కాబట్టి హెవీ. పెర్షింగ్ 42 టన్నులే అయినా అదే లెక్కన హెవీ. చాఫీ కవచం పలచన, అది లైట్‌లోనే ఉంటుంది.

1939–42 విభాగానికి ఒక మినహాయింపు కావాలి, లేకపోతే మటిల్డా-2 మిమ్మల్ని ఏడిపిస్తుంది. బరువులో అది 27 టన్నుల మీడియం, కవచంలో 78 మి.మీ. కొండ, గన్ చూస్తే 40 మి.మీ., నడక గంటకు 24 కి.మీ. ఆ కాలపు విభాగంలో ముందు కవచం 70 మి.మీ. దాటిన బండి ఒక మెట్టు పైకి వెళ్తుందని రాసుకోండి. మటిల్డా హెవీ అవుతుంది. 45 మి.మీ. ఏటవాలు కవచమున్న టీ-34 మీడియంలోనే ఉంటుంది.

రకం కూడా రాయించుకోవాలి. "పాంజర్-4" అంటే చాలదు. 1930ల చివర్లో పొట్టి గన్‌తో వచ్చిన తొలి పాంజర్-4 బరువు 18 టన్నులే, 1943 నాటి హెచ్ రకం 25 టన్నులు. గన్ గొట్టం పొడవు చూస్తే ఎవరు ఏది తెచ్చారో తెలిసిపోతుంది. రకం తేల్చలేని బొమ్మైతే ఆ పేరుతో వచ్చిన వాటిలో బరువైన రకంగా లెక్కించండి. సందేహం ఖర్చు యజమాని మీదే పడాలి, ఎదుటివాడి మీద కాదు.

మరి గన్ సంగతి? చాలామంది గన్ల చొచ్చుకుపోయే శక్తి పట్టికలు తెచ్చి పాయింట్లు వేస్తారు. నేనూ ఒకప్పుడు ఆ మోజులో పడ్డవాడినే. ఆలోచిస్తే 1/16లో 12 మీటర్ల దూరం అంటే నిజంలో 192 మీటర్లు. అసలు యుద్ధంలో వెయ్యి మీటర్ల షాట్ ఇక్కడ 62 మీటర్లు పైచిలుకు, అంత దూరం మన కిరణాలు పోవు, మన కళ్లూ పోవు. మనం ఆడేదంతా ముక్కుకి ముక్కు ఆనించి కొట్టుకునే దూరం. అక్కడ ఆ పట్టికల తేడాలు చాలావరకు కరిగిపోతాయి. గన్ విలువను రీలోడ్ సమయంలో చూపిస్తే చాలు.

మూడో మెట్టు: హిట్లు, రీలోడ్ (ఇక్కడే ఎక్కువసేపు ఆగండి)

ఎన్ని హిట్లకు ట్యాంకు చస్తుంది, షాట్‌కి షాట్‌కి మధ్య ఎన్ని సెకన్లు ఆగాలి: తరగతి అంటే చివరికి ఈ రెండు అంకెలే. వీటిని చాలామంది కంటికి అందంగా ఉండేలా పెట్టేస్తారు. ఉదాహరణకు లైట్‌కి 3 హిట్లు, 3 సెకన్లు. మీడియంకి 6 హిట్లు, 5 సెకన్లు. హెవీకి 9 హిట్లు, 9 సెకన్లు. చూడటానికి ముచ్చటగా ఉంది. ఇప్పుడు కాగితం తీయండి.

రెండు ట్యాంకులు ఎదురెదురుగా కదలకుండా నిలబడి, ఒకేసారి మొదలుపెట్టి, ప్రతి షాటూ తగిలేలా కాల్చుకుంటున్నాయని అనుకోండి. మొదటి షాట్ సున్నా సెకను దగ్గర. ఎదుటి బండి హిట్లలోంచి ఒకటి తీసేసి మీ రీలోడ్‌తో గుణిస్తే, దాన్ని చంపడానికి మీకు పట్టే సెకన్లు వస్తాయి.

మీడియం హెవీని చంపాలంటే 9 హిట్లు, మధ్యలో 8 విరామాలు, 8 ఐదులు 40 సెకన్లు. హెవీ మీడియంని చంపాలంటే 6 హిట్లు, 5 విరామాలు, 5 తొమ్మిదులు 45 సెకన్లు. మీడియమే గెలిచింది! లైట్‌తో చూస్తే మీడియంకి పట్టేది 10 సెకన్లు, లైట్‌కి పట్టేది 15. మళ్లీ మీడియమే. లైట్, హెవీ తలపడితే 24కి 18, హెవీ గెలుస్తుంది. అంటే ఈ అంకెలతో ఆడే చోట తెలివైనవాడు మీడియం తప్ప ఇంకోటి తేడు. నాలుగు నెలల్లో మైదానమంతా షెర్మన్లు, టీ-34లతో నిండిపోతుంది. ఎందుకలా అయిందో ఎవరికీ అర్థం కాదు.

దీన్ని ఒక్క చూపులో పట్టుకునే చిట్కా ఉంది. హిట్లను రీలోడ్ సెకన్లతో భాగించండి. పై అంకెల్లో లైట్ 1, మీడియం 1.2, హెవీ 1. మూడూ దగ్గరదగ్గరగా ఉండాలి, ఒక్కటి తలెత్తి కనబడిందంటే అందరూ దాన్నే కొంటారు.

నేను సూచించే అంకెలు: లైట్‌కి 4 హిట్లు, 3 సెకన్లు. మీడియంకి 6 హిట్లు, 5 సెకన్లు. హెవీకి 9 హిట్లు, 7 సెకన్లు. భాగిస్తే 1.33, 1.2, 1.29. ఎదురెదురు పోరులో లైట్, మీడియం చెరో 15 సెకన్లతో సమానం. హెవీ మీడియంని 35 సెకన్లలో చంపుతుంది, మీడియంకి 40 కావాలి. హెవీ లైట్‌ని 21లో చంపుతుంది, లైట్‌కి 24 కావాలి. నిలబడి కొట్టుకుంటే హెవీకి కాస్త మొగ్గు. హెవీ అంటే అలాగే ఉండాలి కదా. ఆ మొగ్గును కదలికతో మిగతావాళ్లు లాక్కోవాలి, దానికోసమే నాలుగో మెట్టు.

టరెట్ (గన్‌తో సహా తిరిగే పైభాగం) లేని బండ్లు (స్టగ్-3, జాగ్డ్‌పాంథర్, ఐఎస్‌యూ-152 లాంటివి) గురిపెట్టాలంటే ఒళ్లంతా తిప్పాలి. బరువును బట్టి తరగతి ఇచ్చి, రీలోడ్‌లో ఒక సెకను తగ్గించండి. స్టగ్‌కి 6 హిట్లు, 4 సెకన్లు అవుతుంది. రెండు సెకన్లు తగ్గించమని బతిమాలతారు, వినకండి. మూల కాచుకుని కూర్చున్న స్టగ్‌ని కదిలించడం ఇప్పటికే కష్టం. హెల్‌క్యాట్ లాంటి పైకప్పు లేని టరెట్ బండ్లకు ఈ రాయితీ లేదు. హెల్‌క్యాట్ పిట్ట కొంచెం కూత ఘనం రకం: 18 టన్నుల లోపు ఒంట్లో 76 మి.మీ. గన్, గంటకు 80 కి.మీ. వేగం. లైట్ అంకెలే దానికి ఎక్కువ.

మీ బోర్డుల్లో లైట్, మీడియం, హెవీ అనే మూడు స్థిర సెట్టింగులే ఉండి అంకెలు మార్చే వీలు లేకపోతే, ముందు మాన్యువల్ చూసి ఆ అంకెల్ని ఇలాగే భాగించి చూడండి. తలెత్తి కనబడే తరగతిని జట్టులో సగానికి మించనివ్వకండి. మిగతా తరగతులకు వేగంలో కాస్త వెసులుబాటు ఇవ్వండి.

నాలుగో మెట్టు: వేగాన్ని కొలవండి, మోటారును కాదు

గేర్‌బాక్సు నిష్పత్తి ఎంత, మోటారు ఏ సైజు, బ్యాటరీ ఏ రకం అని బండి విప్పి చూసే నియమాలు రాస్తే రాసినంత కాలం పడుతుంది, తప్పించుకోవడానికి ఒక్క సాయంత్రం చాలు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఎప్పుడూ ఉంటాడు. బండి 5 మీటర్లు ఎన్ని సెకన్లలో దాటిందో చూడండి, మిగతాది వాళ్ల ఇష్టం. బ్యాటరీకి మాత్రం ఒక పరిమితి పెట్టండి: రెండు సెల్స్ లిథియం పాలిమర్, నిండుగా 8.4 వోల్టులు, అంతకు మించి వద్దు. అది న్యాయం కోసం కన్నా బోర్డులు కాలిపోకుండా ఉండటానికి.

నిజమైన వేగంతో పోల్చడానికి తేలిక లెక్క ఒకటుంది. 1/16లో 5 మీటర్లకు పట్టాల్సిన సెకన్లు కావాలంటే 288ని అసలు ట్యాంకు గంట వేగంతో భాగించండి. గంటకు 38 కి.మీ. టైగర్‌కి 7.6 సెకన్లు, 53 కి.మీ. టీ-34కి 5.4, 58 కి.మీ. స్టూవర్ట్‌కి 5, హెల్‌క్యాట్‌కి 3.6, పాపం మటిల్డాకి 12. వేరే స్కేలైతే స్కేలు అంకెను 18తో గుణించి 288 స్థానంలో పెట్టుకోండి: 1/24కి 432, 1/6కి 108.

ఒక చిక్కు ఏమిటంటే, షెర్మన్ వేగం గంటకు 40 కి.మీ. దగ్గర్లో, అంటే 7.2 సెకన్లు. టైగర్‌కీ దానికీ తేడా కంటికి ఆనదు. ప్రతి మోడల్‌కీ అసలు వేగమే పెడితే షెర్మన్ యజమాని నష్టపోతాడు. అందుకే నేను తరగతికో హద్దు పెట్టమంటాను. 5 మీటర్లను లైట్ 4.5 సెకన్ల కన్నా, మీడియం 5.5 కన్నా, హెవీ 7.5 కన్నా త్వరగా దాటకూడదు. మటిల్డాకి కూడా 7.5 వరకు స్వేచ్ఛ ఇవ్వండి. చరిత్ర ప్రేమికులు ముక్కు విరుస్తారు, పన్నెండు సెకన్ల బండిని ఒక్క మధ్యాహ్నం నడిపిస్తే వాళ్లే ఒప్పుకుంటారు.

ఈ హద్దులు మూడో మెట్టు అంకెలతో ఎలా కలుస్తాయో చూడండి. లైట్ బండి సెకనుకు 1.1 మీటర్లు పోతుంది. హెవీ రీలోడ్ అయ్యే 7 సెకన్లలో అది దాదాపు 7.8 మీటర్లు దాటేసి గోడ చాటుకు చేరుతుంది. లైట్ రీలోడ్ అయ్యే 3 సెకన్లలో హెవీ కదిలేది 2 మీటర్లే. లైట్ చేతిలో ఉన్న ఆయుధం ఇదే.

టరెట్ వేగాన్నీ వదలకండి. అసలు షెర్మన్ టరెట్ దాదాపు 15 సెకన్లలో ఒక చుట్టు తిరిగేది. లైట్, మీడియంలకు పూర్తి చుట్టుకు కనీసం 15 సెకన్లు, హెవీకి కనీసం 30 అని పెట్టుకోండి.

కొలిచే తీరు: పోరు జరిగే నేల మీదే, నిండు బ్యాటరీతో, ఒక మీటరు ముందునుంచి పరుగెత్తించి, రెండు దిక్కులా కొలిచి సగటు తీయండి. పది శాతం తేడా ఓర్చుకోండి. ఆట ముందు ఒకసారి చూసి వదిలేయకండి. మంచి రిమోట్లలో ఒక మీట నొక్కితే వేగం హద్దు మారిపోతుంది. ఆట ముగియగానే చీటీ తీసి రెండు బండ్లను, యజమాని చెయ్యి రిమోట్ మీద పడకముందే, మళ్లీ పరుగెత్తించండి. ఈ ఒక్క అలవాటు వంద నియమాల పెట్టు.

ఐదో మెట్టు: కిరణం, రిసీవర్

తరగతులు ఎంత బాగా రాసినా, ఒకడి కిరణం సూదిలా, ఇంకొకడిది చీపురులా ఉంటే అంతా వృథా. రిసీవర్ (కిరణాన్ని అందుకునే భాగం) ఉన్న బండిని ఒకచోట పెట్టి, కాల్చే బండిని 5 మీటర్ల దూరంలో నేరుగా గురిపెట్టి నిలపండి. రిసీవర్ బండిని పక్కకి పది సెంటీమీటర్ల చొప్పున జరుపుతూ కాల్పించండి. హిట్ నమోదైన మొత్తం వెడల్పు 50 సెంటీమీటర్లు దాటకూడదు. 1/16 టైగర్ వెడల్పు 23 సెంటీమీటర్లు, అంటే దానికి రెండింతల మీద కొంచెం. దాటితే ఎల్ఈడీ ముందు నల్లటి గొట్టం తొడిగి సన్నబరచమనండి. గోడల పక్కన ఈ పరీక్ష చేయకండి, కిరణం తిరిగొచ్చి లెక్క తప్పిస్తుంది. ఎర్రటి ఎండలో కూడా వద్దు, రిసీవర్ గుడ్డిదైపోతుంది.

రిసీవర్ టరెట్ మీద అన్నిటికన్నా ఎత్తులో, ఏ సామానూ అడ్డం లేకుండా ఉండాలి. కమాండర్ బొమ్మ, దుప్పట్ల మూట, యాంటెన్నా దిమ్మ, ఏదైనా సరే "అనుకోకుండా" రిసీవర్ ముందుకు వచ్చేస్తుంది. ఎనిమిది దిక్కుల నుంచి ఒక్కో షాట్ కాల్చి, ఎనిమిదీ నమోదైతేనే మైదానంలోకి రానివ్వండి. స్టగ్ లాంటి పొట్టి బండ్ల రిసీవర్‌ను నేల నుంచి ఒక కనీస ఎత్తుకు లేపించండి. లేకపోతే గడ్డి చాటున దాగి కూర్చుంటాయి.

వేర్వేరు కంపెనీల బోర్డులు ఒకదాని షాట్ ఇంకొకదానికి అర్థం కాకుండా కూడా ఉండొచ్చు. ప్రతి కొత్త బోర్డునూ మీ దగ్గరున్న మిగతా అన్ని రకాలతో రెండు వైపులా కాల్చి చూసుకోండి.

ఆరో మెట్టు: జట్ల కూర్పు, వింత బండ్లు

ఎదుటి జట్టును తుడిచిపెట్టే ఆటలో హెవీలు గెలుస్తాయి, జెండా పట్టుకునే ఆటలో లైట్లు గెలుస్తాయి. ఆరుగురి జట్టైతే హెవీలు రెండుకు మించకుండా, లైట్ కనీసం ఒకటి ఉండేలా చూడండి. ఆ రోజు ఏ ఆట ఆడతారో కూర్పు తేలాక ప్రకటించండి, ముందు కాదు.

చక్రాల బండ్లు, హాఫ్‌ట్రాకులు (ముందు చక్రాలు, వెనక పట్టాలు ఉన్నవి) వస్తే 2 హిట్లు, 3 సెకన్లు, లైట్ వేగం ఇవ్వండి. రెండే నమూనాలు తయారైన 188 టన్నుల మౌస్‌ని ఎవరైనా మోసుకొస్తే మామూలు పోటీలో చేర్చకండి. నలుగురు కలిసి దాన్ని పడగొట్టే ప్రత్యేక ఆట పెట్టండి, యజమాని కూడా సంతోషిస్తాడు.

ఏడో మెట్టు: బండి చీటీ, ఫిర్యాదులు

ప్రతి బండికీ అరపేజీ చీటీ చాలు: పేరు, రకం, విభాగం, తరగతి, హిట్లు, రీలోడ్, కొలిచిన వేగం, కిరణం వెడల్పు, కొలిచిన తేదీ. చీటీ మీద యజమానితోపాటు వేరే జట్టు మనిషి కూడా సంతకం పెట్టాలి. ఆట రోజు తరగతి మార్చమనే ఫిర్యాదు తీసుకోకండి. రాసుకుని తర్వాతి సమావేశానికి వాయిదా వేయండి. ఓడిన వేడిలో చెప్పిన మాటల్లో సగం అప్పటికి చల్లారతాయి.

మిగిలిన సగం నిజమో కాదో తేల్చడానికి బండ్లు మార్చి ఆడించండి. గొడవకు కారణమైన రెండు బండ్లను వాటి డ్రైవర్లతో ఐదుసార్లు, తర్వాత రిమోట్లు అదలుబదలు చేసి ఇంకో ఐదుసార్లు పోరాడించండి. చేతులు మారినా అదే బండి గెలుస్తుంటే తప్పు అంకెలది. బండి మారినా అదే మనిషి గెలుస్తుంటే అతనికి చెయ్యి తిరిగింది, అంకెల జోలికి వెళ్లకండి.

అంకెలదే తప్పని తేలితే ఒక్కసారికి ఒక్క అంకెనే, ఒక్క మెట్టే కదపండి: ఒక హిట్టో, ఒక రీలోడ్ సెకనో, వేగంలో అర సెకనో. మార్చిన ప్రతిసారీ మూడో మెట్టులోని గుణకారం మూడు జతలకూ మళ్లీ చేసి, ఆ కాగితాన్ని చీటీల కట్టకు గుచ్చండి.